పిల్లాడి అకౌంట్‌కి నెట్ ఆపాక లినక్స్ లాగిన్ రెండు నిమిషాలు పడుతోంది: కారణం డిస్క్ కాదు

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. ఇంట్లో ఒకటే డెస్క్‌టాప్, లినక్స్ మింట్, మూడు అకౌంట్లు. ఇంటర్ సెకండియర్ చదివే మీవాడి అకౌంట్‌కి మాత్రం ఇంటర్నెట్ లేకుండా చేశారు. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో, మెషీన్ పంపేవాటిని చూసే ఔట్‌పుట్ చెయిన్ (రూల్స్ వరుస)లో, ఏ యూజర్ పంపాడో చూసే ఓనర్ మాడ్యూల్‌తో ఒకటే రూల్ పెట్టారు: మీవాడి యూఐడీ (యూజర్ నంబరు) 1001 నుంచి బయల్దేరే ప్యాకెట్ ఏదైనా డ్రాప్. అప్పటినుంచి ఆ అకౌంట్‌లో పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ రావడానికి రెండు నిమిషాలు దాటుతోంది. మీ అకౌంట్, మీ ఆవిడ అకౌంట్ మామూలుగానే వస్తున్నాయి. రూల్ తీసేస్తే అతనిదీ మామూలే. మీవాడేమో డిస్క్ పోయిందని, ఎస్ఎస్‌డీ కొనమని గొడవ.

డిస్క్ బాగానే ఉంది. అదే డిస్క్ మీద మిగతా ఇద్దరికీ లేని జబ్బు ఒక్కరికే రాదు కదా. పైగా రూల్ తీస్తే తగ్గిపోతోందని మీరే చూశారు. సగం పని మీరే చేసేశారు.

ఒక మాట ముందే: నేను తెలుగు కీబోర్డులో టైప్ చేస్తున్నాను, కాబట్టి కమాండ్లను అక్షరం అక్షరం రాయడం లేదు. రూల్ మాటల్లో చెప్తాను, మ్యాన్ పేజీ (కమాండ్ వివరాలుండే సహాయ పేజీ) పక్కన పెట్టుకుని టైప్ చేసుకోండి. ఫైర్‌వాల్ రూల్స్ కాపీ పేస్ట్ చేయకపోవడమే మంచిదని నాకో చాదస్తం కూడా ఉంది.

మీ రూల్‌లో రెండు పొరపాట్లు కలిసిపోయాయి. ఒకటి, డ్రాప్ వాడటం. రెండు, ఏ ఇంటర్‌ఫేస్ (ప్యాకెట్ వెళ్లే దారి) అని చెప్పకపోవడం.

డ్రాప్ సంగతి ముందు. మీరు ఒకరికి ఫోన్ చేశారు, అవతలివాళ్లు కట్ చేశారు. రెండు సెకన్లలో మీకు విషయం తెలిసిపోయింది, మీ పని మీరు చూసుకుంటారు. అదే ఎత్తకుండా వదిలేస్తే? రింగ్ అయినంతసేపూ చెవి దగ్గర పెట్టుకుని నిలబడతారు. డ్రాప్ అంటే ఎత్తకపోవడం, రిజెక్ట్ అంటే కట్ చేయడం. బయటినుంచి వచ్చే అపరిచితులకి డ్రాప్ పెట్టడంలో అర్థముంది, వాళ్ల టైమ్ వృథా అయితే మనకేం పోయింది. మన ఇంట్లోంచి బయటికెళ్లే ప్రోగ్రామ్‌కి డ్రాప్ పెడితే వృథా అయ్యేది మన టైమే.

అది కూడా ఎంత వృథా అవుతుందో లెక్క ఉంది. టీసీపీ (అవతలివాళ్ల జవాబు చూసుకుంటూ డేటా పంపే పద్ధతి) కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, ఒక సిన్ ప్యాకెట్ (కనెక్షన్ కావాలనే పలకరింపు) పంపి జవాబు కోసం చూస్తుంది. రాకపోతే 1 సెకను ఆగి మళ్లీ పంపుతుంది. తర్వాత 2, 4, 8, 16, 32 సెకన్లు ఆగుతూ మొత్తం ఆరుసార్లు మళ్లీ పంపుతుంది. ఆఖరిదాని తర్వాత ఇంకో 64 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. కూడండి: 127. మీరన్న "రెండు నిమిషాల పైచిలుకు" ఇదే. కొత్త కెర్నళ్లలో మొదటి కొన్ని ప్రయత్నాలు సెకనుకొకటి చొప్పున జరుగుతాయి, అందుకని అక్కడ 131 సెకన్ల దాకా పోతుంది. ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. 127కో 131కో దగ్గరగా వస్తే ఒకే ఒక్క కనెక్షన్ దగ్గర మొత్తం లాగిన్ ఆగిపోతోందని అర్థం.

సెకన్లు కొలవమని ఊరికే అనడం లేదు. లినక్స్‌లో ఎక్కడ ఆలస్యమైనా నేను మొదట చూసేది ఆ అంకెనే, ఎందుకంటే ఎవరు ఎదురుచూస్తున్నారో అదే చెప్తుంది. 25 సెకన్లయితే డీబస్, అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి: ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని ఏదో అడిగింది, డీఫాల్ట్ గడువు 25 సెకన్లలో జవాబు రాలేదు. 90 అయితే సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ: ఏదో సర్వీస్ స్టార్ట్ అవుతానని చెప్పి అవ్వలేదు. 5 లేదా 10 అయితే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ చెప్పేది) అనుకోండి, దాన్ని అడిగే రిజాల్వర్ ఒక్కో ప్రశ్నకి 5 సెకన్లు చూసి రెండుసార్లు ప్రయత్నిస్తుంది. 127 అయితే టీసీపీ. ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకుని 50, 75 కూడా కనిపిస్తాయి. అంకె మాత్రం అబద్ధం చెప్పదు.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. ఔట్‌పుట్ చెయిన్‌లో డ్రాప్ పెట్టినప్పుడు అన్నీ ఒకేలా ఆగిపోవు. ఆ అకౌంట్‌లోంచి పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందో చూసే కమాండ్) కొట్టి చూడండి, "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని వెంటనే తిట్టి వదిలేస్తుంది. యూడీపీ (జవాబు కోసం ఆగకుండా పంపే పద్ధతి) కూడా అంతే. ప్యాకెట్ పంపబోయిన ప్రోగ్రామ్‌కి అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. టీసీపీలో మాత్రం కెర్నల్ ఆ ఎర్రర్‌ని పట్టించుకోదు, దారిలో ఎక్కడో పోయిందిలే అనుకుని పైన చెప్పిన లెక్క ప్రకారం మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. అందుకే "పింగ్ వెంటనే ఫెయిలవుతోంది, బ్లాక్ బాగానే పనిచేస్తోంది, మరి లాగిన్ ఎందుకు స్లో?" అని జనం బుర్ర గోక్కుంటారు. ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ తెరిచినా ఏమీ కనిపించదు. ఔట్‌పుట్‌లో డ్రాప్ అయిన ప్యాకెట్ ఇంటర్‌ఫేస్ దాకా రాదు, వైర్‌షార్క్ చూసేది ఇంటర్‌ఫేస్ దగ్గర.

ఇక రెండో పొరపాటు. బయటికి నెట్ లేకపోతే డెస్క్‌టాప్‌కి ఏమైంది, లాగిన్‌కి గూగుల్‌తో పనేమిటి అంటారా? నిజమే. కానీ మీ రూల్ ఆపింది బయటి ప్రపంచాన్ని ఒక్కదాన్నే కాదు. మెషీన్ తనతో తను మాట్లాడుకునే దారి ఒకటుంది, లూప్‌బ్యాక్, 127.0.0.1. ఆ ఇంటర్‌ఫేస్ పేరు "లో". ఇంగ్లిష్‌లో అది లూప్‌బ్యాక్‌కి పొట్టి పేరే గానీ తెలుగులో చదివినా అర్థం సరిగ్గా సరిపోతుంది: గడప దాటకుండా లోలోపలే తిరిగే దారి. ఔట్‌పుట్ చెయిన్‌కి లోపలా బయటా తేడా తెలియదు. యూఐడీ 1001 పంపిన ప్యాకెట్ 127.0.0.1కే వెళ్తున్నా మీ రూల్ పట్టుకుని పారేస్తోంది. వీధి తలుపు వేయబోయి వంటింటి తలుపు కూడా వేసేశారన్నమాట.

లోపల ఏం తిరుగుతుంటాయి? మింట్, ఉబుంటులలో డీఎన్ఎస్ ప్రశ్నలు 127.0.0.53 దగ్గర కూర్చున్న సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సర్వీస్‌కి వెళ్తాయి. ప్రింటర్ సర్వీస్ 631 పోర్టులో (పోర్టంటే ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నంబరు) ఉంటుంది. ఎవరైనా లోకల్‌గా డేటాబేస్, సింక్ టూల్, యాంటీవైరస్ లాంటివి వేసుకుంటే అవీ ఇక్కడే. డిస్‌ప్లే సర్వర్, డీబస్, సౌండ్ లాంటి ముఖ్యమైనవి మాత్రం యూనిక్స్ సాకెట్ల (నెట్‌వర్క్‌తో పనిలేని లోపలి దారుల) మీద నడుస్తాయి, వాటిని ఐపీటేబుల్స్ అసలు చూడదు. అందుకే మీ డెస్క్‌టాప్ ఆలస్యంగానైనా వస్తోంది. కానీ డీబస్ మీద ఉన్న ఒక సర్వీస్ లోపల టీసీపీ జవాబు కోసం బిగుసుకుపోతే, దాన్ని అడిగినవాళ్లు కూడా 25 సెకన్లు బిగుసుకుపోతారు. ఒకరి మౌనం ఇంకొకరికి అంటుకుంటుంది.

ఇక మీ మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్ ఇరుక్కుందో నేను ఇక్కడ కూర్చుని ఊహించను, పట్టుకోవడం తేలిక. ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కితే మింట్‌లో మళ్లీ గ్రాఫికల్ లాగిన్ స్క్రీన్‌కి వస్తారు. అక్కడ మీవాడి పాస్‌వర్డ్ కొట్టి, స్క్రీన్ నల్లగా ఆగిపోయి ఉన్నప్పుడే ఎఫ్3కి వెనక్కి రండి. సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి, కనెక్షన్ల జాబితా చూపే ఎస్‌ఎస్ కమాండ్ నడపండి. టీసీపీ మాత్రమే, అంకెలతో, ప్రాసెస్ పేర్లతో, స్టేట్ సిన్‌సెంట్‌లో (సిన్ పంపి జవాబు కోసం చూస్తూ) ఉన్నవి చూపించమనండి. ఒకటో రెండో లైన్లు వస్తాయి. ఎడమ నుంచి చదువుకుంటూ పోతే ఎక్కడికి కనెక్ట్ కాబోయింది, ఏ పోర్టు, ఏ ప్రోగ్రామ్, ప్రాసెస్ నంబరు, అన్నీ ఉంటాయి. దొంగ చేతిలో సొమ్ముతో సహా దొరుకుతాడు.

ఆ లైన్‌లో 127తో మొదలయ్యే అడ్రస్ ఉంటే లూప్‌బ్యాక్ తలుపు మూయడం వల్లే. బయటి అడ్రస్ ఉంటే డ్రాప్ వల్ల. రెండింటికీ మందు కింద ఉంది. ఏ లైనూ రాకపోతే సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఆ యూఐడీకి సంబంధించిన మెసేజ్‌లు మాత్రం తీసి, పక్కన ఉన్న టైమ్ చూసుకుంటూ దిగండి. 10:02:11 తర్వాత లైన్ 10:02:36 అని ఉంటే మధ్యలో ఉన్న ఆ 25 సెకన్ల గొయ్యి దగ్గర ఆగి, గొయ్యికి ముందు ఎవరు మాట్లాడారో చూడండి.

నాకు ఈ పాఠం నేర్పింది ఒక కాలేజీ ల్యాబ్. పేరెందుకులెండి. ప్రాక్టికల్ పరీక్షల కోసం ఒక అకౌంట్ చేసి, దానికి నెట్ లేకుండా మీలాగే డ్రాప్ పెట్టాను. ముందురోజు సాయంత్రం పింగ్ కొట్టి చూసుకుని హాయిగా ఇంటికి పోయాను. పొద్దున్నే పిల్లలందరూ ఒకేసారి పాస్‌వర్డ్ కొట్టారు, స్క్రీన్లన్నీ నల్లగా ఉండిపోయాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నా వైపు, నేను నెట్‌వర్క్ స్విచ్ వైపు చూస్తున్నాం. కేబుల్స్ పీకి పెట్టాను, స్విచ్ రీస్టార్ట్ చేశాను, అంత టెన్షన్‌లో చేయకూడని పనులన్నీ చేశాను. నాలుగు నిమిషాల తర్వాత అన్నీ వాటంతటవే వచ్చేశాయి.

మధ్యాహ్నం కూర్చుని చూస్తే దొంగ ఆ అకౌంట్ హోమ్‌లోని డాట్ ప్రొఫైల్ ఫైల్లో (లాగిన్ అయ్యేటప్పుడు నడిచే ఫైలు) ఉన్నాడు. ఎప్పుడో ఎవరో స్టాఫ్ సర్వర్ నుంచి నోటీసు దించుకోవడానికి కర్ల్‌తో (నెట్ నుంచి దించే కమాండ్) ఒక లైన్ రాశారు, టైమ్‌టేబుల్ కోసం ఇంకో లైన్. రెండూ సర్వర్ ఐపీ అడ్రస్‌తోనే, కనెక్ట్ టైమవుట్ పెట్టకుండా. లైనుకి 127 సెకన్లు, రెండు లైన్లకి 254.

ఆ రోజు నాకు బోధపడిన తేడా మీకూ పనికొస్తుంది. గ్రాఫికల్ లాగిన్‌లో కొన్ని పనులు వరుసలో జరుగుతాయి, కొన్ని పక్కపక్కన జరుగుతాయి. ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్‌లోని ఎక్స్‌సెషన్ డాట్ డీ స్క్రిప్టులు, యూజర్ డాట్ ప్రొఫైల్, డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ, ఇవన్నీ రేషన్ షాపు క్యూ లాంటివి. ముందువాడు కదలకపోతే వెనకాల ఉన్న డెస్క్‌టాప్ మొత్తం ఆగాల్సిందే. ఆటోస్టార్ట్‌లో ఉన్నవి అలా కాదు. డెస్క్‌టాప్ వచ్చాక ఎవరికి వారే లేస్తారు, ఒకటి ఇరుక్కుంటే దాని ఐకాన్ రాదు, అంతే. కాబట్టి స్క్రీన్ నల్లగా ఆగిపోతుంటే క్యూలో వెతకండి, డెస్క్‌టాప్ వచ్చాక మెనూ తెరుచుకోవడానికి సతాయిస్తుంటే ఆటోస్టార్ట్‌లో, డీబస్ సర్వీసుల్లో వెతకండి. మీవాడు పైథాన్ నేర్చుకుంటూనో గేమ్ లాంచర్ వేసుకుంటూనో డాట్ ప్రొఫైల్‌లో ఏమైనా అతికించాడేమో కూడా చూడండి. ఈ వయసులో పిల్లలు వీడియోలో చూసిందల్లా అక్కడ అతికిస్తారు.

ఇప్పుడు మందు. పాత రూల్ తీసేసి మూడు రూల్స్ ఈ వరుసలోనే పెట్టండి. ఒకటి, బయటికెళ్లే ఇంటర్‌ఫేస్ "లో" అయితే యాక్సెప్ట్. రెండు, యూఐడీ 1001 నుంచి వచ్చే టీసీపీ అయితే రిజెక్ట్, టీసీపీ రీసెట్‌తో. మూడు, యూఐడీ 1001 నుంచి వచ్చే మిగతాది ఏదైనా మామూలు రిజెక్ట్. టీసీపీకి విడిగా రీసెట్ ఎందుకంటే అది తిరుగులేని కట్. ప్రోగ్రామ్ "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని చూసి, కొన్ని మిల్లీసెకన్లలో తన దారి తను చూసుకుంటుంది.

వరుస జాగ్రత్త. ఐపీటేబుల్స్‌లో ఇన్సర్ట్ ఆప్షన్ కొత్త రూల్‌ని అన్నిటికంటే పైన పెడుతుంది. లూప్‌బ్యాక్ రూల్ ముందు ఇన్సర్ట్ చేసి, రిజెక్ట్ రూల్ తర్వాత ఇన్సర్ట్ చేస్తే రిజెక్ట్ పైకెక్కి కూర్చుంటుంది. అప్పుడు రెండు నిమిషాలు పట్టదు గానీ డీఎన్ఎస్, ప్రింటర్ వగైరా పనిచేయవు. పెట్టాక ఒకసారి లైన్ నంబర్లతో లిస్ట్ చేసి కళ్లతో చూసుకోండి. ఇంట్లో వైఫై ప్రింటర్ ఉంటే మీవాడు నోట్స్ ప్రింట్ తీసుకోవడానికి దాని అడ్రస్ ఒక్కదానికి యాక్సెప్ట్ మధ్యలో పెట్టాలి.

ఇక అసలు మెలిక. నా మందు వేసుకుంటే మీవాడికి యూట్యూబ్ వచ్చేసే అవకాశముంది. నిజంగానే. ఐపీటేబుల్స్ చూసేది ఐపీవీ4ని (పాత రకం నెట్ అడ్రస్‌లు) మాత్రమే. ఐపీవీ6కి (కొత్త రకం అడ్రస్‌లు) ఐపీ6టేబుల్స్ అని విడిగా ఉంటుంది. మన దగ్గర జియో లాంటి కనెక్షన్లలో ఐపీవీ6 మామూలే, యూట్యూబ్ లాంటి పెద్ద వెబ్‌సైట్లు చాలావరకు దాని మీద దొరుకుతాయి. మరి ఇన్నాళ్లూ అతనికి ఎందుకు రాలేదు? పేర్లు అడగాల్సిన 127.0.0.53 తలుపు కూడా మీరు పొరపాటున మూసేశారు కాబట్టి. బ్రౌజర్‌కి అడ్రస్ తెలియక ఐపీవీ6 దారి ఖాళీగా పడి ఉంది. లూప్‌బ్యాక్ తెరవగానే పేర్లు దొరుకుతాయి, ఆ దారి కళ్లపడుతుంది. అందుకని అవే మూడు రూల్స్ ఐపీ6టేబుల్స్‌లో కూడా అదే పూట పెట్టండి, రేపు చూద్దాం అనుకోకండి.

రెండుచోట్ల రాయడం చిరాకైతే ఎన్ఎఫ్‌టేబుల్స్‌కి (ఐపీటేబుల్స్ తర్వాత వచ్చిన ఫైర్‌వాల్ టూల్) మారండి, నేనైతే అదే వాడతాను. ఐనెట్ రకం టేబుల్ ఒకటి చేస్తే ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ ఒకే రూల్స్ చాలు. ఓనర్ మ్యాచ్‌ని అక్కడ మెటా ఎస్‌కేయూఐడీ అంటారు. రెండు జాగ్రత్తలు. పాత డ్రాప్ రూల్ ఐపీటేబుల్స్‌లో అలాగే ఉంటే కొత్త టేబుల్‌లో యాక్సెప్ట్ అన్నా లాభం లేదు, ఏ టేబుల్ డ్రాప్ చేసినా ప్యాకెట్ పోయినట్టే. రెండోది, ఈటీసీలో ఉండే ఎన్ఎఫ్‌టేబుల్స్ కాన్ఫ్ ఫైలు మామూలుగా ఫ్లష్ రూల్‌సెట్ అనే లైన్‌తో మొదలవుతుంది. అది మొత్తం తుడిచేస్తుంది. మీరు మింట్ ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆన్‌లో పెట్టుకుని ఉంటే దాని రూల్స్ కూడా కొట్టుకుపోతాయి. ఆ లైన్ బదులు మీ టేబుల్ ఒక్కదాన్నే తీసేసి మళ్లీ కట్టేలా రాసుకోండి. అది తలనొప్పి అనిపిస్తే ఐపీటేబుల్స్‌లోనే ఉండి, రీస్టార్ట్ తర్వాత కూడా రూల్స్ నిలవడానికి ఐపీటేబుల్స్ పర్సిస్టెంట్ ప్యాకేజీ వేసుకోండి. అది రెండు రకాల రూల్స్‌నీ దాచిపెడుతుంది.

రాత్రి తొమ్మిదికి నెట్ వదలాలని కూడా రాశారు. ఐపీటేబుల్స్ టైమ్ మాడ్యూల్ పనిచేస్తుంది, కానీ అది డీఫాల్ట్‌గా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) గడియారం చూస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. అంటే రాత్రి 9 గంటలు కావాలంటే అక్కడ 15:30 అని రాయాలి. 21:00 అని రాస్తే తెల్లవారుజామున రెండున్నరకి నెట్ వస్తుంది. ఆ టైమ్‌కి మేలుకుని ఉండి మీవాడు దాన్ని కనిపెట్టడని నేనైతే పందెం కాయను.

పనిచేసిందో లేదో చూడటానికి పింగ్‌ని నమ్మకండి. సుడోతో మీవాడి యూజర్‌గా మారి, టైమ్ కమాండ్ పెట్టి, ఎన్‌సీతో (కనెక్షన్ పెట్టి చూసే కమాండ్) 127.0.0.1లో సర్వీసేదీ లేని ఒక పోర్టుకి, తర్వాత బయటి అడ్రస్ ఒకదానికి 443 పోర్టులో కనెక్ట్ అయి చూడండి. రెండుచోట్లా సెకనులోపే "రిఫ్యూజ్డ్" అని రావాలి. ఏదైనా బిగుసుకుని నిలబడితే ఇంకా ఎక్కడో డ్రాప్ మిగిలి ఉంది. కర్ల్‌కి ఐపీవీ6 మాత్రమే వాడమని చెప్పి ఒక వెబ్‌సైట్ కూడా అడగండి, అదీ రాకూడదు.

హోస్ట్స్ ఫైల్లో (మెషీన్ల పేర్లు, అడ్రస్‌లు రాసి ఉండే ఫైలు) 127.0.1.1 పక్కన మీ మెషీన్ పేరు ఉందో లేదో ఒకసారి చూడండి. పేరు మార్చి అక్కడ మార్చడం మర్చిపోతే మెషీన్ తన పేరు తనే డీఎన్ఎస్‌ని అడుక్కుంటుంది. సుడో కొట్టినప్పుడు కూడా రెండు మూడు సెకన్లు ఆలోచిస్తుంటే ఇది అనుమానించండి.

అడగకపోయినా చెప్తున్నాను, మీవాడి అకౌంట్ సుడో గ్రూపులో ఉంటే ఇదంతా దండగ, ఒక్క ఫ్లష్‌తో పోతుంది. గ్రూప్స్ కమాండ్‌తో చూసి తీసేయండి. యూఐడీ రూల్‌లో ఒక మంచి ఉంది: అతను ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినా ఆగుతుంది, రౌటర్‌లో ఆపితే అలా ఆగదు. పెన్‌డ్రైవ్‌లో లైవ్ మింట్ పెట్టి బూట్ చేస్తే మాత్రం ఏ రూలూ ఆపలేదు. ఆ పని అతను తనంతట తనే నేర్చుకుంటే నాకు చెప్పండి, మా ల్యాబ్‌లో మనిషి కావాలి.

ఇవన్నీ చేశాక కూడా ఆలస్యం ఉంటే మూడు సంగతులు రాయండి: స్టాప్‌వాచ్‌లో వచ్చిన సెకన్లు, ఎస్‌ఎస్‌లో వచ్చిన లైన్, కౌంటర్లతో ఔట్‌పుట్ చెయిన్ లిస్ట్. ఎస్ఎస్‌డీ మాత్రం ఈలోపు కొనకండి.